వెనుక చక్రం బిగింపు ఒక్క వాక్యంతో తేలిపోయే పని కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పాత సైకిళ్లను ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్లుగా మార్చుకునే విధానం గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఫ్రేముకు రంగు ఎలా వేయించుకోవాలి, హ్యాండిల్ ఏ ఆకారంలో ఉంటే అందంగా ఉంటుంది, సీటు ఎంత ఎత్తులో పెట్టుకోవాలి అన్నవన్నీ విపులంగా చెప్పిన రచయిత, వెనుక చక్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చక్రాన్ని గాడిలో పెట్టి నట్లు గట్టిగా బిగించుకోవాలని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు గానీ, అది చాలదు. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ విద్యార్థులకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, విరమణ తర్వాత ఇంటి వసారాలో సైకిళ్లు బాగుచేస్తూ పొద్దుపుచ్చుతున్న నాకు, ఆ వ్యాసం చదివి బండి మార్చుకోబోయే కుర్రవాళ్లకు చెప్పవలసిన అసలు విషయం మిగిలిపోయిందనిపించి ఈ లేఖ రాస్తున్నాను. కొంత సుదీర్ఘమైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

ఫిక్స్‌డ్ గేర్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. మనం రోజూ చూసే సైకిలు వెనుక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కడం ఆపినా చక్రం తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో ఆ వెసులుబాటు లేదు. వెనుక పళ్లచక్రం హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) కదలకుండా బిగించి ఉంటుంది కనుక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితోపాటు కాళ్లూ తిరగవలసిందే. వేగం తగ్గించాలంటే తిరుగుతున్న పెడళ్లను కాళ్లతో వెనక్కి అదిమిపట్టాలి. అంటే మామూలు సైకిలులో బండిని ముందుకు నడపడం ఒక్కటే పనిగా ఉన్న చైను, పళ్లచక్రం, ఇరుసు, నట్లు ఈ సైకిలులో బండిని ఆపే పనిని కూడా నెత్తిన వేసుకుంటాయి. మామూలు బండికి బ్రేకు వైరు తెగితే ఎంత ప్రమాదమో, ఈ బండికి ఇరుసు గాడిలో జారినా, పళ్లచక్రం మర విప్పుకున్నా అంతే ప్రమాదం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే తెలుస్తాయి.

ఇరుసు మీద పడే బలం ఎంతో చాలామంది ఊహించరు. 70 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ సీటు మీద నుంచి లేచి తన బరువంతా ఒక పెడలు మీద వేశాడనుకుందాం. పెడలును పట్టి ఉంచే కడ్డీ, అంటే క్రాంకు పొడవు 170 మిల్లీమీటర్లు. పెడళ్ల దగ్గరి 48 పళ్ల చక్రం, అంటే చైన్‌వీల్ వ్యాసార్ధం సుమారు 97 మిల్లీమీటర్లు. మొదటిది రెండో దానికి ఒకటిముప్పావు రెట్లు కాబట్టి చైను మీద పడే లాగుడు 120 కిలోల బరువుకు సమానమవుతుంది. ఈ లాగుడు చక్రం మధ్యలో పడదు, చైను ఉన్న కుడివైపున పడుతుంది. ట్రాక్ హబ్బు (ట్రాక్ పందేల సైకిళ్లకు వాడే ఫిక్స్‌డ్ గేర్ హబ్బు) వెడల్పు సాధారణంగా 120 మిల్లీమీటర్లు, చైను నడిచే గీత మధ్య నుంచి సుమారు 42 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ లెక్కన మొత్తం లాగుడులో నూటికి 85 పాళ్లు కుడి నట్టు ఒక్కటే మోయాలి. అంటే పెడలు మీద నిలబడిన ప్రతిసారీ ఆ ఒక్క నట్టు 100 కిలోలకు పైబడిన బలాన్ని కేవలం రాపిడి ఆధారంగా నిలబెట్టుకుంటున్నదన్నమాట. ఎడమ నట్టు మీద పడేది అందులో ఐదోవంతు కూడా ఉండదు. అందువల్ల రెండు నట్లలో దేని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని ఎవరైనా అడిగితే కుడిదాని మీదనే అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఎడమది కనిపించే వైపు, చేతికి అందే వైపు కావడంతో మన మెకానిక్కుల్లో చాలామంది దాని మీదే బలం చూపించి, చైను అడ్డం వచ్చే కుడివైపున మాత్రం పానాను రెండుసార్లు తిప్పి వదిలేస్తారు.

ఇక్కడ మరొక విశేషముంది. ముందుకు తొక్కేటప్పుడు చైను పైభాగం బిగుస్తుంది, వెనక్కి అదిమేటప్పుడు కింది భాగం బిగుస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఇరుసును చైను లాగేది ముందు వైపుకే, పెడళ్ల వైపుకే. వెనక్కి అదిమితే చక్రం వెనక్కి జరుగుతుందని కొందరు అనుకుంటారు గానీ అది నిజం కాదు. కుడి నట్టు పట్టు వదిలితే ఇరుసు కుడి కొస ముందుకు జారుతుంది, చక్రం వంకర తిరిగి టైరు ఫ్రేము ఎడమ కడ్డీకి ఒరుసుకుంటుంది, చైను వదులవుతుంది. మామూలు సైకిలులో అయితే చైను ఊడి పెడళ్లు ఊరికే తిరుగుతాయి, మనం బ్రేకు పట్టి దిగుతాం. ఫిక్స్‌డ్ గేర్‌లో అంత తేలికగా పోదు. చక్రంతోపాటు తిరుగుతూనే ఉండే పళ్లచక్రం ఊడిన చైనును తనతో లాక్కుపోయి హబ్బుకూ ఫ్రేముకూ మధ్య ఇరికిస్తే వెనుక చక్రం ఉన్నపళంగా నిలిచిపోతుంది. అలా ఇరుక్కోకుండా కింద పడితే కాళ్లతో ఆపే దారి మూసుకుపోతుంది. రెండింటిలో ఏది మేలో తేల్చడం కష్టం.

ఇక నట్టు సంగతి. వెనుక ఇరుసు సాధారణంగా 10 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, ట్రాక్ నట్టుకు 15 నంబరు పానా పడుతుంది. మంచి ట్రాక్ నట్టుకు వాషరు విడిగా ఉండదు. నట్టుతోపాటే చేర్చి, నట్టు తిరుగుతున్నా తాను తిరగకుండా గాడికి ఆనుకుని ఉండేలా తయారుచేస్తారు. వాషరు ముఖం మీద ఉండే సన్నని గరుకు పళ్లు వెనుక ఫోర్కు (ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి ఉన్న భాగం) లోహాన్ని కొరికి పట్టుకుంటాయి. పాత నట్టు, విడి వాషరు వాడినప్పుడు బిగించే కొద్దీ వాషరు కూడా తిరుగుతూ, మనం ఎంతో జాగ్రత్తగా సరిచేసుకున్న చక్రాన్ని తనతోపాటు పక్కకు లాగేస్తుంది. కొత్త బండికి ఖర్చు పెట్టేవారు రంగు సంగతి తర్వాత చూసుకున్నా ఫర్వాలేదు, ముందుగా ఈ నట్ల జత కొనుక్కోవడం మంచిది.

ఈ నట్టును 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల (టార్కు, అంటే తిప్పే బలం కొలమానం) వరకు బిగించాలన్నది సాధారణ లెక్క. టార్క్ రెంచి ఇంట్లో ఉండదు కాబట్టి చేతి లెక్కలో చెబుతాను: 20 సెంటీమీటర్ల పొడవున్న పానా కొసన 18 కిలోల బలం వేస్తే సుమారు 35 న్యూటన్ మీటర్లు అవుతుంది. మరలు శుభ్రంగా ఉండి, కాస్త గ్రీజు రాసి ఉంటే ఆ బిగింపు ఇరుసు గాడిని దాదాపు 1700 కిలోల బలంతో నొక్కి పట్టేలా చేస్తుంది. నట్టుకు గ్రీజు రాస్తే ఊడిపోతుందని మన దుకాణాల్లో బలమైన నమ్మకం ఉంది. అది తలకిందుల ఆలోచన. పానాతో మనం వేసే బలంలో నూటికి 90 పాళ్లు మరల రాపిడికి, నట్టు ముఖం రాపిడికే ఖర్చయిపోతుంది. ఇరుసును సాగదీసి నొక్కుడు పుట్టించేది మిగిలిన పదో వంతు మాత్రమే. తుప్పు పట్టిన పొడి మరల మీద రాపిడి ఇంకా పెరుగుతుంది కనుక, చేతికి బిగిసినట్టే అనిపించినా అసలు నొక్కుడు సగానికి పడిపోతుంది. గ్రీజు రాయవలసింది మరలకు, నట్టుకూ వాషరుకూ మధ్యన. రాయకూడనిది వాషరు గరుకు ముఖానికి, అది ఆనే ఫోర్కు గాడి ముఖానికి. ఆ రెండు ముఖాలూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఫ్రేముకు మందంగా పౌడర్ కోటింగు వేయించినవారు నట్టు కూర్చునే మేరకు దాన్ని గీకి తీసేయడం మంచిది, ఎందుకంటే నట్టు ఒత్తిడికి ఆ పూత మెల్లగా నలిగి పలుచబడిపోతుంది, అది పలుచబడిన మేరకు బిగింపు తగ్గిపోతుంది. మీ వ్యాసంలో గాడి లోపలికి కూడా నిగనిగలాడే రంగు వేసిన ఫొటోను అందంగా ఉందని ప్రచురించారు; నాకైతే ఆ ఫొటో చూసి భయమేసింది.

అలాగని పానాకు పైపు తొడిగి, దాని మీద కాలు పెట్టి బిగించమని నేను చెప్పడం లేదు. అలా చేస్తే మర తెగుతుంది, తెగిన మర బిగిసినట్టు కనిపిస్తూనే మోసం చేస్తుంది. దవడలు జరిగే స్క్రూ స్పానర్ కంటే 15 నంబరు రింగు పానా మేలు, నట్టు మూలలు అరగవు. సైకిళ్ల భద్రతకు అంతర్జాతీయంగా పాటించే ఐ.ఎస్.ఓ. 4210 ప్రమాణంలో చక్రం ఊడివచ్చే దిశలో ఇరుసు రెండు కొసలకూ కలిపి 2300 న్యూటన్ల బలాన్ని, అంటే సుమారు 235 కిలోల లాగుడును, 30 సెకన్ల పాటు వేసినా ఇరుసు కదలకూడదని ఉంది. బిగించిన నట్టును విప్పడానికి కూడా తయారీదారు చెప్పిన టార్కులో కనీసం 70 శాతం అవసరం కావాలని అదే ప్రమాణం చెబుతుంది. పైన మనం వేసుకున్న 120 కిలోల లెక్కకు ఆ 235 కిలోల లాగుడు దాదాపు రెట్టింపు. కర్మాగారం నుంచి వచ్చిన బండికి ఈ పరీక్ష ఉంటుంది. మనం ఇంట్లో మార్చుకున్న బండిని పరీక్షించేవారు ఎవరూ లేరు.

మన నల్ల సైకిళ్లను మార్చుకునేవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ సైకిళ్లలో వెనుక ఇరుసు మీద చక్రం ఒక్కటే ఉండదు. స్టాండు రేకు, క్యారియర్ కడ్డీ, మడ్‌గార్డు కడ్డీ అన్నీ ఆ ఇరుసుకే తగిలించి, వాటన్నిటి మీద ఒకే నట్టు బిగిస్తారు. పలుచని రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించినప్పుడు, ఆ రేకుల మధ్య రంగు, తుప్పు, దుమ్ము ఉంటాయి కనుక నాలుగు రోజుల తొక్కుడుకే అవి సర్దుకుని నట్టు వదులవుతుంది. పైగా ఇన్ని రేకులు తగిలించాక నట్టుకు మిగిలే మర తక్కువ. ఇరుసు కొస నట్టు లోపలే ఆగిపోయి ఉంటే ఆ నట్టు సగం మరతోనే పట్టుకుని ఉందని అర్థం. ఇరుసు కొస నట్టు ముఖానికి సమానంగానైనా రావాలి, ఒకటి రెండు మరలు బయటికి కనిపిస్తే ఇంకా మంచిది. క్యారియర్, స్టాండు లేకపోతే ఇల్లు గడవదనుకునేవారు వాటిని ఫ్రేము కడ్డీలకు క్లాంపులతో బిగించుకోవచ్చు. ఇరుసును మాత్రం చక్రానికే వదిలేయాలి.

చక్రాన్ని గాడిలో పెట్టే పద్ధతి నేర్చుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించాలి. గేర్ల సైకిలులో చైను వదులును సర్దుకోవడానికి స్ప్రింగు ఉన్న చేయి ఉంటుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో అది ఉండదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే వెనక్కి అదిమినప్పుడు చైను కింది భాగం బిగిసి ఆ చేతిని విరిచేస్తుంది. కాబట్టి చైను బిగువు అంతా చక్రాన్ని గాడిలో వెనక్కీ ముందుకూ జరుపుకోవడం మీదనే ఆధారపడి ఉంటుంది. ముందుగా చైనును పళ్లచక్రానికి తగిలించి, చక్రాన్ని వెనక్కి లాగి రెండు నట్లనూ చేత్తో తిప్పగలిగినంత మేరకు బిగించాలి. తర్వాత కుడి నట్టును పానాతో కొద్దిగా పట్టించి, టైరు ముందుభాగాన్ని చేత్తో ఎడమవైపుకు నెట్టితే, కుడి కొస ఆధారంగా ఇరుసు ఎడమ కొస వెనక్కి జరుగుతుంది. ఇప్పుడు ఎడమ నట్టు పట్టించి, కుడిది వదులు చేసి, టైరును మళ్లీ మధ్యకు తెస్తే ఈసారి కుడి కొస వెనక్కి వస్తుంది. ఇలా ఒక్కో అడుగు వేయించినట్టుగా చక్రాన్ని వెనక్కి నడిపించుకుంటూ పోతే, ఒక చేత్తో చక్రాన్ని బలంగా లాగుతూ మరో చేత్తో పానా తిప్పే అవస్థ తప్పుతుంది. చివరికి టైరు రెండు కడ్డీలకూ సమానదూరంలో ఉండి, చైను మధ్యభాగం వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి అర అంగుళం మేరకు ఆడుతుంటే సరిపోయినట్టు.

అయితే ఆ అర అంగుళాన్ని ఒక్కచోట చూసి వదిలేయకూడదు. చైన్‌వీల్ ఎంత మంచిదైనా పూర్తి గుండ్రంగా, సరిగ్గా మధ్యలో కూర్చుని ఉండడం అరుదు. క్రాంకును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే చైను ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా అవుతుంది. బిగువు బాగా ఎక్కువగా ఉన్న చోట కూడా చైను కొద్దిగా ఆడాలి, బాగా వదులైన చోట కూడా పళ్ల మీద నుంచి పైకి లేవకూడదు. రెండూ కుదరకపోతే తప్పు చైన్‌వీల్‌ది. దాని బోల్టులు వదులు చేసి, బిగువుగా ఉన్నచోట చైనును మెల్లగా తట్టి మధ్యకు తెచ్చి మళ్లీ బిగించుకోవాలి. భయంకొద్దీ చైనును వీణ తీగలా లాగి బిగించేవారిని కూడా చూశాను. అలా చేస్తే తొక్కడం బరువవుతుంది, హబ్బు బేరింగులూ బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) బేరింగులూ త్వరగా అరిగిపోతాయి, నట్టు మోయవలసిన లాగుడు అనవసరంగా పెరుగుతుంది. నట్లు రెండూ పూర్తిగా బిగించాక చక్రాన్ని ఒకసారి తిప్పి చూడాలి. హబ్బు బేరింగులను సరిపట్టి ఉంచే కోనుల లాకునట్లు సరిగా లేకపోతే బయటి నట్టు బిగింపుతోపాటు కోను కూడా తిరిగి బేరింగు పట్టేస్తుంది.

కొత్త చైను వేసిన తొలి రోజుల్లో బిగువు త్వరగా మారుతుంది, కాబట్టి ఆ రోజుల్లో నట్లనూ చైనునూ తరచుగా చూసుకోవాలి. చైను 24 కొక్కేలు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అవి 12 అంగుళాల మీద పదహారో వంతు అంగుళం పెరిగినప్పుడే చైను మార్చేస్తే పళ్లచక్రం బతుకుతుంది.

కొసన చిన్న బోల్టుతో ఇరుసును వెనక్కి లాగిపట్టే చైను అడ్జస్టర్ మన పాత సైకిళ్లలో చాలావాటికి ఉండేది. మార్చుకునేటప్పుడు అది మొరటుగా ఉందని పీకి పారేస్తున్నారు. కనీసం కుడివైపు అడ్జస్టర్‌నైనా ఉంచుకోమని నా గట్టి సలహా. నట్టు రాపిడితో మాత్రమే పట్టుకుంటుంది; అడ్జస్టర్ ఇరుసుకు నేరుగా అడ్డంపడుతుంది. నట్టు కొంచెం వదులైనా చక్రం ముందుకు జారకుండా అది ఆపుతుంది, చైను బిగువు సరిచేయడం కూడా తేలికవుతుంది. నిలువు గాడి ఉన్న గేర్ల సైకిలు ఫ్రేమును మార్చుకునేవారికి ఈ సౌకర్యం ఉండదు. అక్కడ చక్రం వెనక్కి జరగదు కాబట్టి ఎక్సెంట్రిక్ హబ్బు (ఇరుసు మధ్యలో కాక పక్కకు ఉండేది) వంటి ప్రత్యేక ఏర్పాటు కావాలి. తొలిసారి ప్రయత్నించేవారు అటువంటి ఫ్రేము జోలికి పోకపోవడమే మంచిది.

నట్లకు బదులు చేత్తో మీట వేసి బిగించే క్విక్ రిలీజ్ వాడవచ్చునా అని కొందరు అడుగుతారు. దీని వెనుక కొంత చరిత్ర ఉంది. తొలినాటి రోడ్డు పందేల్లో గేరు మార్చే యంత్రాలు లేనప్పుడు రైడర్లు వెనుక హబ్బుకు రెండు వైపులా వేర్వేరు పళ్లచక్రాలు పెట్టుకుని, కొండ మొదలయ్యేచోట దిగి, చేత్తో తిప్పే రెక్కల నట్లు విప్పి, చక్రాన్ని తిరగేసి మళ్లీ బిగించుకునేవారు. టూర్ డి ఫ్రాన్స్‌లో గేరు మార్చే డెరైలర్‌ను అనుమతించింది 1937లో మాత్రమే. ఇటలీలో 1920లలో ఒక కొండ కనుమ మీద చలికి వేళ్లు కొంకర్లుపోయి రెక్కల నట్టు విప్పలేకపోయిన టుల్లియో కాంపన్యోలో అనే పందేల రైడరు, ఆ కసితోనే క్విక్ రిలీజ్‌ను రూపొందించాడని సైకిలు ప్రియులు కథగా చెప్పుకుంటారు; ఆ కథలోని తేదీల మీదా వివరాల మీదా చరిత్రకారులకు భిన్నాభిప్రాయాలున్నాయి. కథ ఎలా ఉన్నా, క్విక్ రిలీజ్ పుట్టింది చక్రాన్ని త్వరగా విప్పడానికి. ట్రాక్ పందేల సైకిళ్లలో వెనుక చక్రానికి నట్ల వాడకమే నేటికీ కొనసాగుతున్నది. ఉక్కు ఫ్రేముకు, మీట యంత్రం లోపల దాగి ఉండే మంచి రకం ఉక్కు క్విక్ రిలీజ్ బిగిస్తే పట్టు చాలవచ్చు. కానీ మన బజారులో తక్కువ ధరకు దొరికే, మీట కింద ప్లాస్టిక్ వాషరు ఉండే రకాన్ని ఈ బండికి వాడవద్దనే నేను చెబుతాను.

ఇరుసు గట్టిగా ఉన్నా పళ్లచక్రం హబ్బు మీద నిలవకపోతే ప్రయోజనం లేదు. నన్ను ఈ లేఖకు పురికొల్పినది కూడా ముఖ్యంగా ఇదే. అసలైన ట్రాక్ హబ్బుకు రెండు మెట్లుగా మరలుంటాయి. లోపలి మెట్టు 1.37 అంగుళాల వ్యాసంతో, అంగుళానికి 24 మరలతో మామూలు కుడి మర (సవ్యదిశలో తిప్పితే బిగిసేది). పళ్లచక్రం దాని మీద బిగుస్తుంది. బయటి మెట్టు కాస్త చిన్నది, 1.29 అంగుళాలు, అది ఎడమ మర; దాని మీద లాక్‌రింగ్ బిగుస్తుంది. ముందుకు తొక్కేటప్పుడు పళ్లచక్రం తనంతట తాను మరింత బిగుసుకుంటుంది. వెనక్కి అదిమినప్పుడు అది విప్పుకోవడానికి చూస్తుంది, కానీ అలా తిరగబోతూ లాక్‌రింగ్‌ను కూడా అదే దిశలో తిప్పుతుంది, ఎడమ మర కావడం వల్ల లాక్‌రింగ్‌కు అది బిగిసే దిశ అవుతుంది. ఇంత చిన్న ఏర్పాటు ఇన్ని దశాబ్దాలుగా మారకుండా నిలిచిందంటే దాని పనితనం అటువంటిది.

మన ఊళ్లలో ఈ హబ్బు కొనకుండా ఖర్చు తప్పించుకోవడానికి ఫ్రీవీల్‌ను వెల్డింగ్ చేయించి ఫిక్స్‌డ్ గేర్ అయిందంటున్నారు. మీ వ్యాసం కూడా దీన్ని చవకైన మార్గమని ఒక మూల పేర్కొంది. వెల్డింగ్ చేసిన ఫ్రీవీల్ కూర్చునేది మామూలు కుడి మర మీద, దానికి లాక్‌రింగ్ లేదు, పెట్టడానికి మెట్టు కూడా లేదు. ముందుకు తొక్కినంతసేపూ అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వాలులో దిగుతూ బలంగా వెనక్కి అదిమిన రోజున మర విప్పుకుని, పెడళ్లు చేతికి చిక్కని గాలిపటంలా వెనక్కి తిరుగుతాయి, బండి మాత్రం ముందుకే పోతుంది. మా ప్రాంతంలోని ఒక కళాశాల విద్యార్థి ఇలా మార్పించుకున్న బండిని నా దగ్గరికి తెచ్చాడు. ఆ బండికి ముందు బ్రేకు కూడా పీకేశారు, పని చేసిన దుకాణంవారు ఆ కుర్రవాడికి ఈ ప్రమాదం గురించి ఒక్క మాటా చెప్పలేదు. మరలకు జిగురు పూసి కాపాడుకోవచ్చని కొందరు, బాటమ్ బ్రాకెట్ రింగును అదే మర మీద వెనుక బిగించవచ్చని మరికొందరు చెబుతారు. ఆ రింగు మర కూడా 1.37 అంగుళాల కుడి మరే కాబట్టి పళ్లచక్రం కదిలితే రెండూ కలిసే విప్పుకుంటాయి. ముందు బ్రేకు మీదనే ఆధారపడి, వెనక్కి అదమకుండా తొక్కేవారికి ఆ ఏర్పాటు కొంతకాలం సాగవచ్చు, కానీ దాన్ని నమ్మదగిన ఏర్పాటని పత్రికలో రాయకూడదు.

లాక్‌రింగ్ ఉన్న హబ్బుకైనా ఒక వరుస ఉంది. మరలకు గ్రీజు రాసి పళ్లచక్రాన్ని చైను కట్టిన పిడితో గట్టిగా బిగించాలి; ఆ తర్వాత ముందు బ్రేకు మాత్రమే వాడుతూ ఒక ఎత్తు మీదికి బలంగా తొక్కి వస్తే కాళ్ల బలానికి అది ఇంకొంచెం కూర్చుంటుంది. అప్పుడు లాక్‌రింగ్‌ను కొక్కెం పానాతో అపసవ్య దిశలో చివరిగా బిగించాలి. సవ్యదిశలో తిప్పితే అది విప్పుకుంటుంది; అలవాటుకొద్దీ చేసే ఈ పొరపాటు వల్ల మెత్తని అల్యూమినియం మరలు పాడైన హబ్బులు ఎన్నో ఉన్నాయి.

ముందు బ్రేకు ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. బ్రేకులు లేని ఫిక్స్‌డ్ గేర్ సైకిలు పుట్టింది వెలోడ్రోమ్ (సైకిలు పందేల ట్రాక్) కోసం. జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కెయిరిన్ పందేలు గానీ, 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియంలో కట్టిన చెక్క ట్రాక్ మీద జరిగే పోటీలు గానీ, మన హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వెలోడ్రోమ్‌లో సాధన చేసే క్రీడాకారులు గానీ బ్రేకులు వాడరు, ఎందుకంటే అందరూ ఒకే దిశలో పోతారు, అడ్డం వచ్చే ఆటోలూ గేదెలూ అక్కడ ఉండవు. రోడ్డు మీద సంగతి వేరు. వేగం తగ్గేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి మళ్లి వెనుక టైరు పట్టు సన్నగిల్లుతుంది, కాబట్టి కాళ్ల బలం ఎంత ఉన్నా వెనుక చక్రం ఒక్కదానితో ఆగే దూరం ముందు బ్రేకుతో ఆగే దూరానికి దాదాపు రెట్టింపు అవుతుంది. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనలు ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకు వెనుక బ్రేకు లేకున్నా అంగీకరిస్తాయి గానీ ముందు బ్రేకు తప్పనిసరి అంటాయి. 2016లో లండన్ వీధిలో ముందు బ్రేకు లేని ఇటువంటి సైకిలు ఢీకొని ఒక మహిళ మరణించగా, తొక్కిన యువకుడికి మరుసటి ఏడాది న్యాయస్థానం 18 నెలల శిక్ష వేసింది. వెనుక చక్రం బిగింపు మీద ఎంత శ్రద్ధ పెట్టినా, అది తప్పిన రోజున కాపాడేది ముందు బ్రేకు ఒక్కటే.

దారిలో పంక్చరు అయితే ఈ చక్రాన్ని విప్పడానికి 15 నంబరు పానా కావాలి, అది అన్ని పంక్చరు దుకాణాల్లోనూ దొరకకపోవచ్చు కాబట్టి సీటు కింద సంచిలో ఒకటి ఉంచుకోవాలి. గాడి వెనుక వైపుకు తెరుచుకుని ఉంటే మొదట ఆ చక్రాన్ని ముందుకు నెట్టి చైనును వదులు చేసి, పళ్లచక్రం మీద నుంచి తప్పించాకనే వెనక్కి లాగాలి. చైనును తుడిచేటప్పుడు మాత్రం చక్రాన్ని తిప్పుతూ గుడ్డ పట్టుకోవడం ఎట్టిపరిస్థితుల్లోనూ చేయకూడదు. మామూలు సైకిలులో వేలు చిక్కుకుంటే చైను ఆగిపోతుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో తిరుగుతున్న చక్రం బలమంతా చైనుకు అందుతుంది, గుడ్డతోపాటు వేలు కూడా పళ్ల మధ్యకు పోతుంది. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. చక్రం ఆపి, ఒక చోట తుడిచి, చేయి తీసి, కొంచెం తిప్పి, మళ్లీ తుడవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో బండిని తలకిందులుగా నిలబెట్టి వదిలిపోకూడదు.

మీ అనుబంధంలో ఈ వ్యాసానికి రెండో భాగం రానున్నదని ప్రకటించారు. అందులో కనీసం వెల్డింగ్ చేసిన ఫ్రీవీల్ గురించిన సలహాను ఉపసంహరించుకుని, ట్రాక్ హబ్బు, లాక్‌రింగ్, ట్రాక్ నట్టు ఎలా ఉంటాయో మూడు ఫొటోలు వేయవలసిందిగా కోరుతున్నాను. బండ్లు మార్చి ఇచ్చే దుకాణాలవారు కూడా బండితోపాటు ఒక 15 నంబరు పానా ఇచ్చి, కుడి నట్టు ఎంత బిగించాలో కొనుగోలుదారు చేతే ఒకసారి బిగింపించి చూపితే పెద్ద ఖర్చేమీ కాదు.

ఇట్లు,
విశ్రాంత ఫిట్టర్ ట్రేడ్ బోధకుడు,
హనుమకొండ